నూనె మురుగుకి నానో కణాల మీద లైపేజ్: మూడు బ్యాచ్‌లు పోయాయి, తప్పెక్కడ?

మొలకొలుకులు (నెల్లూరు) · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. లైపేజ్ అనే, నూనెని విడగొట్టే ఎంజైమును అయస్కాంత నానో కణాల మీద అంటించి, నూనె కలిసిన మురుగునీటిలో వాడి, అయస్కాంతంతో వెనక్కి లాగి మళ్లీ వాడటం నా ప్రాజెక్టు. చదివినప్పుడు చాలా తేలికగా అనిపించింది.

చేసింది ఇదీ: ఫెర్రస్, ఫెర్రిక్ లవణాలు 1:2 మోల్ నిష్పత్తిలో కలిపి అమ్మోనియా పోస్తే నల్లటి పొడి వచ్చింది. దానికి ఆప్టెస్ అనే సైలేన్ పూత పెట్టాను, అమైన్ గుంపులు రావడానికి. తర్వాత గ్లూటరాల్డిహైడ్. చివరికి ట్రిస్ బఫర్‌లో (పీహెచ్ 8) కరిగించిన లైపేజ్‌తో రాత్రంతా షేకర్ మీద ఉంచాను. పొద్దున ఒకసారి కడిగితే సగం ఎంజైము నీళ్లలోకి వచ్చేసింది. రెండోసారి కడిగితే మిగిలిందీ పోయింది. మూడు బ్యాచ్‌లూ ఇంతే. ఇంకో నెలన్నరలో రిపోర్టు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

రెండో సందేహం. నిజమైన మురుగునీళ్లు ఎక్కడివి తెచ్చుకోవాలి? మా గైడ్ మేడమ్ "మన జిల్లా సమస్యే తీసుకో" అన్నారు. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు నీళ్లు అనుకుంటున్నాను.

కొత్తపట్నం_చెరువు · ఆదివారం రాత్రి 9:40

అమ్మా, ఎంజైమ్ పేరు చెప్పి మా రొయ్యల రైతుల దగ్గర ఇప్పటికే చాలామంది లాగేశారు. బకెట్ మీద లైపేజ్, ప్రోటియేజ్, అమైలేజ్ అని పెద్ద పెద్ద అక్షరాలు ఉంటాయి. చెరువులో చల్లాక ఏమైందో దేవుడికే తెలియాలి. నువ్వు చెప్పిన గ్లూటరాల్డిహైడ్ మాత్రం మాకు బాగా తెలుసు. బీకేసీతో (బెంజాల్కోనియం క్లోరైడ్) కలిపి చెరువులో క్రిములు చావడానికి కొట్టేది అదే. క్రిముల్ని చంపే మందుతో ఎంజైమును బతికిస్తారా? నాకు అర్థం కాలేదు, కోపం కాదు.

కావలి_మాస్టారు · ఆదివారం రాత్రి 10:25

చెరువు గారి ప్రశ్న మంచిది, ముందు దానికి జవాబు. గ్లూటరాల్డిహైడ్‌కి రెండు చేతులు ఉంటాయనుకోండి. ఏ అమైన్ గుంపు కనబడినా పట్టేసుకుంటుంది. క్రిమి ఒంట్లోని ప్రోటీన్లను ఒకదానితో ఒకటి కట్టేస్తుంది కాబట్టి క్రిమి చస్తుంది. ఇక్కడ ఒక చేత్తో కణం మీది అమైన్‌ని, రెండో చేత్తో ఎంజైములోని లైసీన్‌ని పట్టుకోమంటున్నాం. మోతాదు మించితే ఎంజైము కూడా చస్తుంది. మందు అదే, డోసులోనే ఉంది కిటుకు.

ఇక మొలకొలుకులు, నీ తప్పు నాకు దొరికింది. ట్రిస్ బఫర్! ట్రిస్ అణువుకే ఒక అమైన్ గుంపు ఉంది కదమ్మా. నీ ఎంజైము అక్కడికి చేరేలోపు లక్షల ట్రిస్ అణువులు ఆ చేతుల్ని పట్టుకుని కూర్చున్నాయి. పెళ్లిభోజనంలో బంతి మొత్తం ఊళ్లో పిల్లలు కూర్చుంటే పెళ్లివారికి విస్తరి ఎక్కడ? ఫాస్ఫేట్ బఫర్‌కి మారు. అమ్మోనియా వాసన పూర్తిగా పోయేదాకా కణాల్ని కడుగు, అది కూడా ఆ చేతుల్ని పట్టేస్తుంది. నీ ఎంజైము ఇప్పటిదాకా ఊరికే ఆనుకుని ఉంది, అందుకే కడగ్గానే పోయింది.

నేను కెమిస్ట్రీ పాఠం చెప్పిన ముప్పై ఏళ్లలో ఈ ట్రిస్ పొరపాటు కనీసం అరడజను మంది పిల్లలు చేశారు. సిగ్గుపడాల్సిన పని లేదు.

మొలకొలుకులు · ఆదివారం రాత్రి 10:31

సార్!!! పాత సీనియర్ నోట్‌బుక్‌లో ట్రిస్ అని ఉంటే అదే వాడాను. ఆయనకి ఎలా వచ్చింది మరి?

కావలి_మాస్టారు · ఆదివారం రాత్రి 10:38

ఆయనకి కూడా రాలేదేమో.

గూడూరు_జంక్షన్ · సోమవారం ఉదయం 7:05

కెమికల్ ఇంజనీర్‌ని, ఉద్యోగం హైదరాబాద్‌లో. రెండో సందేహానికి నా జవాబు: రొయ్యల ప్లాంటు వద్దు. రొయ్యలో కొవ్వు చాలా తక్కువ. అక్కడి మురుగులో ఉండేది ప్రధానంగా ప్రోటీన్. దానికి కావలసింది ప్రోటియేజ్. పైగా అక్కడ టేబుళ్లు, నేల, ట్రేలు అన్నీ క్లోరిన్ నీళ్లతో కడుగుతారు. మిగిలిన క్లోరిన్ నీ ఎంజైము అంతు చూస్తుంది. నూనె మురుగు కావాలంటే మన కృష్ణపట్నం దగ్గర పామాయిల్, సన్‌ఫ్లవర్ రిఫైనరీలు ఉండనే ఉన్నాయి. లేదంటే ఏదైనా బిరియానీ హోటల్ గ్రీజ్ ట్రాప్, అంటే వంటింటి నీళ్లలో జిడ్డుని ఆపే తొట్టి.

గెలాక్సీ_రాయి (చీమకుర్తి) · సోమవారం ఉదయం 8:50

మా క్వారీ గుంటల నీళ్ల మీద డీజిల్, కంప్రెసర్ ఆయిల్ తెట్టులా తేలుతూ ఉంటుంది. దీనికి కూడా ఈ లైపేజ్ వాడొచ్చా? పోస్తే పోతుందా?

గూడూరు_జంక్షన్ · సోమవారం ఉదయం 9:02

పోదు అన్నా. పేరు రెండింటికీ నూనే, జాతి వేరు. వంటనూనె, చేప నూనె, నెయ్యి ఇవన్నీ గ్లిజరాల్‌కి మూడు ఫ్యాటీ ఆసిడ్లు ఎస్టర్ బంధంతో కట్టినవి. లైపేజ్ తెంచేది ఆ ఎస్టర్ బంధాన్నే. డీజిల్, ఇంజిన్ ఆయిల్ మినరల్ ఆయిల్, అంటే హైడ్రోకార్బన్లు. అందులో లైపేజ్‌కి తెంచడానికి బంధమే లేదు. మీకు ముందు తెట్టు తీసే స్కిమ్మర్ కావాలి. మిగిలినదాన్ని తినే బ్యాక్టీరియా వేరే ఉన్నాయి. ఎవడైనా "అన్ని నూనెలకూ ఒకటే ఎంజైము" అని అమ్మితే కొనొద్దు.

ముత్తుకూరు_నైట్‌షిఫ్ట్ · మంగళవారం తెల్లవారుజాము 3:20

ఈ టైములో పోస్టు పెడుతున్నాడంటే వీడెవడో ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఆపరేటర్ అని అర్థమయ్యే ఉంటుంది. వంటనూనె రిఫైనరీలో చేస్తున్నా. కంపెనీ పేరు అడగొద్దు.

మీరందరూ నూనె ఒకటే ముద్ద అన్నట్టు మాట్లాడుతున్నారు. ప్లాంటులో అది రకరకాలుగా వస్తుంది. 150 మైక్రాన్ల పైన ఉన్న బొట్లు సెపరేటర్ ట్యాంకులో వాటంతట అవే తేలతాయి, నిమిషానికి ఆరు సెంటీమీటర్ల చొప్పున. వాటిని గీసి డబ్బాల్లో పడతాం. దాన్ని అమ్ముతారు. సబ్బుల వాళ్లు కొనుక్కుపోతారు. సోప్ స్టాక్‌లో (నూనె శుద్ధిలో మిగిలే సబ్బు ముద్ద) ఆసిడ్ పోసి తీసిన ఆసిడ్ ఆయిల్ కూడా అంతే. కాబట్టి చెల్లెమ్మా, మా మేనేజర్ దగ్గరికొచ్చి "మీ నూనెని నా ఎంజైము తినేస్తుంది" అని మాత్రం అనొద్దు. గేటు దగ్గరే ఆపేస్తాడు.

మాకు నిద్ర లేకుండా చేసేది చిన్న బొట్లు. 20 మైక్రాన్లకు లోపలివి, పాలలా తెల్లగా కలిసిపోయి ఉంటాయి. బొట్టు సైజు పది రెట్లు తగ్గితే తేలే వేగం వంద రెట్లు పడిపోతుంది. 10 మైక్రాన్ల బొట్టు ఒక మీటరు పైకి రావడానికి కదలకుండా ఉన్న నీళ్లలోనే 60 గంటల పైన పడుతుంది. అన్ని గంటలు ఎవడు ఆగుతాడు? అందుకే పటికో పాలీ అల్యూమినియం క్లోరైడో పోసి, డీఏఎఫ్‌లో సన్నటి గాలి బుడగలతో పైకి లేపుతాం. ఆ స్లడ్జ్ జిగటగా, కంపుగా ఉంటుంది. దాన్నెవరూ కొనరు. నీ ఎంజైముకి పని దొరికితే అక్కడ దొరకాలి.

ఒంగోలు_హోటల్ · మంగళవారం మధ్యాహ్నం 3:45

భోజనాల రష్ ఇప్పుడే అయింది. నేనొక మాట చెప్తాను. రెండేళ్ల క్రితం ఒకాయన వచ్చి డ్రైన్‌లో పోసే ఎంజైమ్ పౌడర్ అమ్మాడు. వారం రోజులు మా పైపు అద్దంలా ఉంది. పొంగిపోయి ఇంకో రెండు డబ్బాలు కొన్నాను. మూడో నెలలో మా పక్క షాపాయన గొడవకు వచ్చాడు, వాళ్ల ముందు కాలువ మూసుకుపోయిందని. మున్సిపాలిటీ వాళ్లు గడ్డపారతో కొడితే తెల్లగా, సుద్దముక్కలా పెళ్లలు పెళ్లలుగా వచ్చింది. అది నా నూనేనంటారా?

కావలి_మాస్టారు · మంగళవారం సాయంత్రం 6:10

మీదే. మీ పైపులో కరిగింది వాళ్ల కాలువలో గడ్డకట్టింది. ఎంజైము నూనెను మాయం చెయ్యదు, ఫ్యాటీ ఆసిడ్లుగా విడగొడుతుంది అంతే. మన ప్రకాశం జిల్లా బోరు నీళ్లు ఎంత కఠినమో మీ గిన్నెల అడుగున తెల్ల పెచ్చు చూస్తే తెలుస్తుంది. ఆ నీళ్లలోని కాల్షియం ఫ్యాటీ ఆసిడ్లతో కలిస్తే కరగని సబ్బు అవుతుంది. బోరు నీళ్లతో బట్టలు ఉతికితే నురగ రాకుండా తెల్లటి తెట్టు వస్తుంది చూడండి, అదే పదార్థం. కాలువలో నెలల తరబడి పేరుకుంటే సుద్దబండ.

ఈ విషయం ఎంజైమ్ డబ్బా మీద రాయరు. పరిశోధన పేపర్ల ముగింపులో కూడా చాలామంది రాయరు, అది నా బాధ.

ముత్తుకూరు_నైట్‌షిఫ్ట్ · బుధవారం తెల్లవారుజాము 2:50

మాస్టారూ మీరు సగమే చెప్పారు, మిగతా సగం నేను చెప్తా. పొల్యూషన్ బోర్డు మమ్మల్ని పట్టుకునేది ఆయిల్ అండ్ గ్రీజ్ అంకెతో. సాధారణ ప్రమాణాల్లో వాగులు, చెరువుల్లోకి వదిలితే లీటరుకు 10 మిల్లీగ్రాములు, సముద్ర తీరంలోకైతే 20. ఆ టెస్టు ఎలా చేస్తారో తెలుసా? శాంపిల్‌లో ఆసిడ్ పోసి పీహెచ్ 2 లోపలికి దించి, హెక్సేన్‌తో గుంజి, హెక్సేన్ ఆవిరి చేసి, మిగిలినదాన్ని తూకం వేస్తారు. ఫ్యాటీ ఆసిడ్లు హెక్సేన్‌లోకి రావా? వస్తాయి. సబ్బుగా మారినవి కూడా ఆసిడ్ పోసేసరికి మళ్లీ ఫ్యాటీ ఆసిడ్లై అందులోకే వస్తాయి.

అంటే లైపేజ్ నూటికి నూరు పాళ్లు పనిచేసినా మా అంకె దాదాపు కదలదు. సీఓడీ (మురుగుని రసాయనాలతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్ లెక్క) కూడా అంతే. నీరు చేరి బంధం తెగిందే తప్ప మండాల్సిన కార్బన్ అలాగే ఉంది.

మొలకొలుకులు · బుధవారం ఉదయం 7:15

అన్నా, మీ పోస్టు చదివాక టిఫిన్ దిగలేదు. నా సినాప్సిస్‌లో మొదటి లైనే "ఆయిల్ అండ్ గ్రీజ్ తొలగింపు శాతం" అని రాశాను. మరి ఇంతమంది ఎందుకు చేస్తున్నారు ఈ పని?

కావలి_మాస్టారు · బుధవారం ఉదయం 9:30

ఎందుకంటే దాని వెనక ఇంకొకరు ఉంటే అది మంచి పనే. నూనె బొట్టును బ్యాక్టీరియా నేరుగా మింగలేదు. దానికి ముందు విడగొట్టాలి, అదే ఆలస్యమయ్యే మెట్టు. లైపేజ్ ఆ మెట్టు ముందే ఎక్కించి ఇస్తే వెనక ఉన్న ఏరేషన్ ట్యాంకో, గ్యాస్ ప్లాంటో త్వరగా తింటుంది. కొవ్వు నుంచి మీథేన్ కూడా బాగా వస్తుంది, లెక్క ప్రకారం కిలోకు సుమారు ఒక ఘనమీటరు. కానీ ఒకేసారి కుమ్మరించకూడదు. పొడుగు గొలుసు ఫ్యాటీ ఆసిడ్లు ఎక్కువైతే మీథేన్ చేసే జీవులే మూర్ఛపోతాయి.

కాబట్టి నీ సినాప్సిస్‌లో ఆ లైను కొట్టేసి "ముందస్తు శుద్ధి" అని రాయి.

ఇక అంటించడం ఎందుకు అనేది పాత కథే. ఎంజైము ఖరీదైనది. నీళ్లలో పోస్తే నీళ్లతోనే పోతుంది. 1916లోనే నెల్సన్, గ్రిఫిన్ అనే ఇద్దరు ఇన్వర్టేజ్‌ను (చక్కెరని విడగొట్టే ఎంజైము) బొగ్గుపొడికి పట్టిస్తే అది ఇంకా పనిచేస్తోందని గమనించారు. దాన్ని ఫ్యాక్టరీ దాకా తెచ్చింది 1969లో జపాన్‌లో చిబాతా బృందం, అమైనో ఆసిడ్ల తయారీలో. నానో అనే మాట చాలా తర్వాత వచ్చింది. నన్నడిగితే మురుగుకి నానో అక్కర్లేదు, కాస్త లావు పూసలు చాలు.

గూడూరు_జంక్షన్ · బుధవారం రాత్రి 8:20

మాస్టారితో ఏకీభవిస్తూ ఒక లెక్క. రోజుకు 100 ఘనమీటర్ల నీళ్లు, లీటరుకు 500 మి.గ్రా. నూనె అనుకుందాం. రోజుకు 50 కిలోల నూనె. నూనె అణుభారం సుమారు 870, ఒక్కోదానిలో తెంచాల్సినవి మూడు బంధాలు, మొత్తం 172 మోల్స్. ఒక యూనిట్ లైపేజ్ నిమిషానికి ఒక మైక్రోమోల్ తెంచుతుంది. పది గంటల్లో పని అవ్వాలంటే 2.9 లక్షల యూనిట్లు కావాలి. గ్రాముకు 100 యూనిట్లు ఉన్న కణాలైతే 3 కిలోలు. మురుగులో అందులో పదో వంతే పనిచేస్తుందనుకో, 30 కిలోలు. విన్నంత భయంకరమేమీ కాదు.

తంటా అంతా వెనక్కి పట్టడంలో ఉంది. ప్రతిసారీ 99 శాతం కణాలు తిరిగి వచ్చాయనుకో, ల్యాబ్‌లో అది గొప్ప ఫలితం. వంద సార్లు వాడేసరికి మిగిలేది 37 శాతమే. 30 కిలోల్లో 19 కిలోలు ఎక్కడికి పోయాయి? కండలేరు క్రీక్‌లోకి.

ఇంకొకటి. 172 మోల్స్ ఆసిడ్ పుడితే పీహెచ్ పడిపోతుంది, నీ లైపేజ్ మందగిస్తుంది. నిలబెట్టడానికి రోజుకు దాదాపు 7 కిలోల కాస్టిక్ సోడా. బడ్జెట్‌లో ఎవరూ ఈ లైను రాయరు.

కొత్తపట్నం_చెరువు · బుధవారం రాత్రి 8:55

కండలేరు అయినా మా ఉప్పుకాలువ అయినా, అదే నీళ్లు తోడుకుని చెరువు నింపుకునేది మేమే. ఇనుప పొడి సంగతి సరే, దానికి తగిలించిన ఆల్డిహైడ్ సంగతేంటి? మా రొయ్య మొప్పల్లో నల్లగా కనబడితే బయ్యరు కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలో) చూడకముందే రేటు కోస్తాడు. ఈ లెక్క కూడా వేయండి సార్లూ.

మొలకొలుకులు · బుధవారం రాత్రి 10:40

గూడూరు అన్నా, మాస్టారూ, లావు పూసల విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. లైపేజ్ సైజు 5 నానోమీటర్ల చుట్టుపక్కల. చిల్లుల పూసలో ఎంజైము ఎక్కువ భాగం ఆ చిల్లుల్లోకి వెళ్లి అంటుకుంటుంది. చిల్లు వెడల్పు మహా అయితే కొన్ని పదుల నానోమీటర్లు. నూనె బొట్టు 5 మైక్రాన్లు, అంటే 5,000 నానోమీటర్లు. బొట్టు ఆ చిల్లులోకి ఎలా దూరుతుంది? వంటమనిషిని స్టోర్ రూములో పెట్టి తాళం వేసి, హాల్లో ఉన్నవాళ్లకి వడ్డించమన్నట్టు ఉంటుంది. లైపేజ్ పనిచేసేదే నూనె, నీళ్లు కలిసే అంచు మీద. ఆ అంచు తగిలితేనే, ఎంజైము పనిచేసే చోటుని కప్పి ఉంచే మూత తెరుచుకుంటుంది.

చిల్లులు లేని నానో కణమైతే ఎంజైము అంతా బయటే ఉంటుంది. 10 నానోమీటర్ల మాగ్నెటైట్ (నా నల్లపొడి అదే) ఒక గ్రాముకి ఉపరితలం సుమారు 115 చదరపు మీటర్లు, మా హాస్టల్‌లో ఆరేడు గదులంత. నానో ఎందుకంటే ఇందుకు. ఫ్యాషన్ కోసం కాదు.

కావలి_మాస్టారు · గురువారం ఉదయం 6:00

బాగా చెప్పావు. నిన్నటి మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. లావు పూసలు నీటిలో కరిగే వాటికి సరిపోతాయి, నూనె బొట్లకు కాదు.

కానీ గూడూరు లెక్కా తప్పు కాదు. 10 నానోమీటర్ల కణాన్ని విడిగా అయస్కాంతం లాగలేదు, లాగే బలం కణం ఘనపరిమాణంతో పాటే పడిపోతుంది. నీ సీసాలో టకటకా గోడకి వస్తున్నాయంటే అవి గుంపులుగా అతుక్కున్నాయన్నమాట. అప్పుడు నీ 115 చదరపు మీటర్లు కూడా లేవు. మధ్యేమార్గం ఒకటి ఉంది. మాగ్నెటైట్‌ను లోపల పెట్టి పైన కైటోసాన్ పూత వెయ్యి. కైటోసాన్‌కి అమైన్ గుంపులు పుట్టుకతోనే ఉంటాయి, నీ ఖరీదైన ఆప్టెస్ అక్కర్లేదు. ముడిసరుకు కూడా మన దగ్గరిదే, రొయ్య పొట్టు. ఆసిడ్‌తో సున్నం తీసి, క్షారంతో ప్రోటీన్ తీసి, చివరికి గట్టి వేడి కాస్టిక్‌లో ఉడికిస్తే కైటోసాన్. ఇంట్లో చెయ్యొద్దు, కాస్టిక్ చిందితే కళ్లు పోతాయి. కొనుక్కో.

ఒక చిక్కు: కైటోసాన్ ఆసిడ్‌లో కరుగుతుంది. నైట్‌షిఫ్ట్ గారి ఆసిడ్ ఆయిల్ సెక్షన్ నీళ్లు నేరుగా తగిలిస్తే నీ పూత జావ అవుతుంది.

సేల్స్_బయో99 · గురువారం ఉదయం 11:11

[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్ · గురువారం ఉదయం 11:30

ప్రోడక్ట్ లింకులు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి. ఒంగోలు_హోటల్ గారూ, మీకు ప్రైవేటు మెసేజ్ వస్తే కొనకండి :)

ఒంగోలు_హోటల్ · గురువారం మధ్యాహ్నం 4:02

వచ్చింది. బ్లాక్ చేశా.

మొలకొలుకులు · మూడు వారాల తర్వాత, శనివారం సాయంత్రం 5:30

అప్‌డేట్! ఫాస్ఫేట్ బఫర్‌తో అంటుకుంది!! మూడుసార్లు కడిగినా నీళ్లలో ప్రోటీన్ దాదాపు లేదు. మాస్టారికి పాదాభివందనం.

ఈ మధ్యలో ఇంకో రెండు దెబ్బలు తిన్నాను, ఎవరికైనా పనికొస్తాయని రాస్తున్నా. ఒకటి, కణాల్ని ఓవెన్‌లో ఆరబెడితే నలుపు పోయి కాఫీ రంగుకి వచ్చాయి, గాలికి ఆక్సీకరణ. ఇప్పుడు తడిగానే దాస్తున్నా. రెండు, పారా నైట్రోఫినైల్ పామిటేట్‌తో (లైపేజ్ తెంచితే పసుపు రంగు వచ్చే పదార్థం) పసుపు రంగు కొలిచేటప్పుడు కణాల్ని పూర్తిగా తియ్యకుండా రీడింగ్ తీశా. నల్ల కణాలు కాంతిని అడ్డుకుంటే ఎంజైము బ్రహ్మాండంగా పనిచేస్తోందని మురిసిపోయా. ఒక రోజంతా మురిసిపోయా.

అసలు వార్త: హోటల్ గ్రీజ్ ట్రాప్ నీళ్లలో వేస్తే ఆయిల్ అండ్ గ్రీజ్ తగ్గింది. కంటికి కూడా తెలుస్తోంది, పాల రంగు పోయి నీళ్లు తేటపడ్డాయి. నైట్‌షిఫ్ట్ అన్నా, కదలదన్నారుగా?

ముత్తుకూరు_నైట్‌షిఫ్ట్ · ఆదివారం తెల్లవారుజాము 1:40

చెల్లెమ్మా, అయస్కాంతానికి వచ్చిన కణాలు ఎలా ఉన్నాయి? పొడిగా, ఇసుకలాగా ఉన్నాయా, లేక జిడ్డుగానా?

మొలకొలుకులు · ఆదివారం ఉదయం 8:00

జిడ్డుగా. నల్ల వెన్నలాగా. ఎందుకు?

కావలి_మాస్టారు · ఆదివారం ఉదయం 8:25

అయ్యో. ఎంజైము లేని ఉత్త కణాలతో పెట్టావా అమ్మా?

మొలకొలుకులు · ఆదివారం ఉదయం 8:27

...

లేదు సార్. ఎంజైము ఒక్కటే వేసి ఒకటి పెట్టాను, ఏమీ వేయకుండా ఒకటి. కణాలు ఒక్కటే వేసి పెట్టలేదు.

గూడూరు_జంక్షన్ · ఆదివారం ఉదయం 9:15

అక్కడే ఉంది. సన్నటి కణాలు నూనె బొట్టు అంచు మీదికెక్కి కూర్చుంటాయి. ఈ సంగతి 1907లో పికరింగ్ పేరుతోనే స్థిరపడింది, కణాలు బొట్ల చుట్టూ కోటలా నిలబడి ఎమల్షన్‌ని (పాలలా కలిసిపోయిన నూనె, నీళ్లు) విరగకుండా కాపాడతాయి. నీ కోటగోడలు ఇనుపవి కాబట్టి అయస్కాంతం పెట్టగానే గోడతో పాటు బొట్టు కూడా వచ్చేసింది. నీళ్లు తేటపడ్డాయంటే నూనె తెగిందని కాదు, అయస్కాంతం దగ్గరికి చేరిందని.

మొలకొలుకులు · మంగళవారం రాత్రి 11:50

పెట్టాను. ఉత్త కణాలు కూడా దాదాపు అంతే తేట చేశాయి. ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది.

అయితే ఎంజైము ఊరికే కూర్చోలేదు. రెండింటి జిడ్డునూ ఆల్కహాల్‌లో కరిగించి ఫినాఫ్తలీన్ వేసి కాస్టిక్‌తో టైట్రేషన్ చేశా. ఎంజైము ఉన్నదానికి చాలా ఎక్కువ కాస్టిక్ పట్టింది. ఉత్త కణాల దానికి రెండు మూడు చుక్కలకే గులాబీ రంగు. అంటే ఫ్యాటీ ఆసిడ్లు పుట్టాయి, నూనె విడిపోతోంది, కానీ నీళ్లలోంచి తీస్తున్నది మాత్రం ఇనుము.

నాలుగోసారి వాడేసరికి పని బాగా పడిపోయింది. కణాలకి తెల్లటి పొర పట్టింది. మాస్టారూ, మీరు చెప్పిన కాల్షియం సబ్బే అనుకుంటా. ఒంగోలు హోటల్ గారి సుద్దబండ నా కణాల మీద కూడా.

ముత్తుకూరు_నైట్‌షిఫ్ట్ · బుధవారం తెల్లవారుజాము 2:15

ఏడుపెందుకు, నాకైతే పండగలా ఉంది! ఎంజైము లేకుండానే పాలలాంటి ఎమల్షన్‌లోంచి నూనె వచ్చేస్తుందా? విడగొట్టని నూనె వచ్చిందంటే మా మేనేజర్ దాన్ని అమ్ముకుంటాడు. కణాల్ని కడిగి మళ్లీ వాడొచ్చు. మా ప్లాంటుకి ఎంజైము వద్దు, నీ నల్లపొడి చాలు.

కావలి_మాస్టారు · బుధవారం ఉదయం 7:40

మీకు అలా. ఒంగోలు హోటల్ గారికి అది కుదరదు. గ్రీజ్ ట్రాప్‌లో మెతుకులు, మసాలా, సబ్బు, అన్నీ కలిసిన కంపు నూనెను ఎవరు కొంటారు? ఆయన దగ్గర విడగొట్టి గ్యాస్ ప్లాంటుకి పంపడమే దారి. మొలకొలుకులు, నీకు ఒక ప్రాజెక్టుకి బదులు రెండు దొరికాయి. రిపోర్టులో మాత్రం ఉత్త కణాల ఫలితం దాచకు. మొదటి బొమ్మగా అదే పెట్టు. వైవాలో అడగబోయేది దాని గురించే.

కొత్తపట్నం_చెరువు · బుధవారం ఉదయం 10:10

నా ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. పోయిన కణాల సంగతి?

మొలకొలుకులు · బుధవారం మధ్యాహ్నం 1:30

బాబాయ్, అయస్కాంతం తీసేశాక మిగిలిన నీళ్లలో ఇనుము కొలుస్తున్నాను ఈ వారం. వచ్చిన అంకె ఎంతైనా ఇక్కడే పెడతా, బాగా లేకపోయినా పెడతా.

నైట్‌షిఫ్ట్ అన్నా, మీ డీఏఎఫ్‌కి ముందు నీళ్లు ఒక రెండు లీటర్లు ఇప్పించగలరా? శుక్రవారం పొద్దున బస్సుకి ముత్తుకూరు రాగలను.

ముత్తుకూరు_నైట్‌షిఫ్ట్ · గురువారం తెల్లవారుజాము 3:05

మేనేజర్‌ని అడిగా, సరే అన్నాడు. కంపెనీ పేరు మాత్రం రిపోర్టులో వద్దన్నాడు. ఆరు గంటలకి నా షిఫ్ట్ దిగుతుంది, గేటు దగ్గర ఉంటా.

ప్లాస్టిక్ క్యాన్ తేవద్దు, నూనె గోడలకి అంటుకుని సగం అక్కడే ఉండిపోతుంది. వెడల్పు మూతి గాజు సీసాలు రెండు తీసుకురా. ఒకదానిలో నూనె టెస్టు కోసం ఆసిడ్ వేసిస్తా, రెండోది నీ ఎంజైముకి కాబట్టి ఆసిడ్ వెయ్యకుండా ఐస్‌లో పెట్టుకో. మా నీళ్లతో సీసాని తొలిచి పారబోయకు, ఒకేసారి పట్టు. చెప్పులు పాతవి వేసుకురా, అక్కడ నేల జారుతుంది.